161 బంతుల ఓపిక

సహనానికి మన భాషలో మాటల కొదవ లేదు. ఓర్పు, తాలిమి, ఓపిక అచ్చతెలుగు మాటలు. క్షమ, తితిక్ష, ధృతి సంస్కృతం నుంచి తెచ్చుకున్నవి. వీటన్నిటిలో నాకు మిక్కిలి ఇష్టమైనది ఓపిక. దానికి రెండు అర్థాలున్నాయి. "కాస్త ఓపిక పట్టండి" అంటే సహించమని అర్థం. "ఒంట్లో ఓపిక లేదండీ" అంటే సత్తువ లేదని అర్థం. సహనాన్నీ బలాన్నీ ఒకే మాటలో ఇముడ్చుకున్న భాష మనది. 2021 జనవరి 11వ తేదీన, సిడ్నీ మైదానంలో, కాకినాడలో పుట్టిన ఒక యువకుడు ఈ రెండర్థాలను విడదీసి లోకానికి చూపించాడు. రెండవ రకం ఓపిక కాలిలో నుంచి పూర్తిగా జారిపోయిన తరువాత, కేవలం మొదటి రకం ఓపికతో మూడున్నర గంటలకు పైగా నిలబడ్డాడు. అతడు గాదె హనుమ విహారి.

ఆ రోజు అతడు చేసినవి 23 పరుగులు. అందుకు ఆడినవి 161 బంతులు. క్రికెట్టు లెక్కల పుస్తకంలో ఈ రెండు అంకెలూ పక్కపక్కనే ఉంటాయి గాని, జనం మొదటిదే చదువుతారు. పరుగులను బట్టి మనిషిని అంచనా కట్టే అలవాటు మనకు అంతగా నాటుకుపోయింది. నేనీ వ్యాసంలో రెండవ అంకె వైపు నుంచి అతడి చరిత్రను చెప్పదలచాను.

మొదట కొంత పూర్వకథ. తెలుగువారికి క్రికెట్టు కొత్త కాదు. 1932లో భారతదేశం తన తొలి టెస్టు ఆడినపుడు నాయకుడు కర్నల్ సి.కె. నాయుడు, నాగపూరులో స్థిరపడిన తెలుగు కుటుంబంవారు. ఆయనది సిక్సర్ల సంప్రదాయం. ఓపిక సంప్రదాయానికి ఆద్యుణ్ణి వెదకాలంటే సికింద్రాబాదులో పుట్టిన ఎం.ఎల్. జయసింహ దగ్గరకు వెళ్ళాలి. 1960 జనవరిలో కలకత్తాలో ఆస్ట్రేలియా మీద టెస్టు ఐదు రోజులలోనూ ఏదో ఒక సమయంలో బ్యాటు పట్టి క్రీజులో నిలిచిన తొలి ఆటగాడాయన. అదే ఏడాది చివర కాన్పూరులో పాకిస్తాను మీద ఎనిమిది గంటలకు పైగా ఆడి 99 దగ్గర రనౌటయ్యారు. చొక్కా కాలరు పైకెత్తి నడిచే ఆ సొగసుకాడిని సోకు కోసమే జ్ఞాపకం పెట్టుకున్నారు తప్ప, ఆ ఎనిమిది గంటలను ఎవరూ తలచుకోరు. ఆ తరువాత లక్ష్మణ్ వచ్చాడు. అతడి గురించి వ్రాసినవారు ఎందరో ఉన్నారు కనుక నేను తప్పుకుంటాను. కోస్తా నుంచి టెస్టు ఆడినవారు మాత్రం బహు తక్కువ. గుంటూరువారైన ఎమ్మెస్కే ప్రసాద్ 1999లో టెస్టు జట్టులోకి వచ్చారు. ఆయన తరువాత ఆంధ్ర జట్టు నుంచి మరొకడు ఆ టోపీ పెట్టుకోవడానికి 2018 దాకా పట్టింది. ఆ ఒకడు విహారి. అప్పుడు సెలెక్టర్ల సంఘానికి అధ్యక్షులు ప్రసాద్‌గారే కావడం ఒక ముచ్చట.

విహారి 1993 అక్టోబరు 13న కాకినాడలో పుట్టాడు. తండ్రి సింగరేణిలో ఇంజనీరు. పన్నెండేళ్ళ వయసులో ఆయన పోయారు. ఆట నేర్చినది హైదరాబాదులో. 2012లో ఆస్ట్రేలియాలో కుర్రవాళ్ళ ప్రపంచ కప్పు గెలిచిన జట్టులో ఉన్నాడు. 2013లో ఐపీఎల్‌లో హైదరాబాదు తరఫున ఆడుతూ తన ఆఫ్ స్పిన్నుతో క్రిస్ గేల్‌ను ఔట్ చేస్తే నాలుగు రోజులు పేరు మోగింది. ఆ సందడి అతడి ఆటకు నప్పేది కాదు, నప్పలేదు కూడా. హైదరాబాదు వదిలి ఆంధ్ర జట్టుకు వచ్చిన తరువాతే అతడి నిజమైన పంట పండింది. 2017 అక్టోబరులో విజయనగరంలో ఒడిశా మీద 302 పరుగులు చేసి నాటౌటుగా మిగిలాడు. టెస్టు జట్టులోకి పిలుపు వచ్చేనాటికి ఫస్ట్‌క్లాసు క్రికెట్టులో అతడి సగటు అరవైకి కూతవేటు దూరం. అప్పుడు ప్రపంచంలో ఆడుతున్నవారిలో అంతటి సగటు మరొకరికి లేదు.

తొలి టెస్టు 2018 సెప్టెంబరు 7న లండను ఓవల్ మైదానంలో మొదలయింది. ముందు రాత్రి రాహుల్ ద్రావిడ్‌కు ఫోను చేసి మాట్లాడానని, అది ధైర్యమిచ్చిందని తరువాత అతడే చెప్పాడు. తొలి ఇన్నింగ్సులో 124 బంతులాడి 56 చేశాడు. రెండవ ఇన్నింగ్సులో సున్న. కాని ఆ టెస్టులో అతడిని చరిత్ర గుర్తుంచుకునేది బంతితో. ఇంగ్లండు మహా ఓపరి అలిస్టర్ కుక్ తన కట్టకడపటి ఇన్నింగ్సులో 147 చేసి ఔటయినది విహారి బంతికే. దానికి ముందు బంతికి రూట్ వెళ్ళాడు. ఓపికలో ఒక తరం సెలవు పుచ్చుకుంటుండగా మరొక తరం లోపలికి అడుగుపెట్టినట్టు నాకు తోచింది.

మూడు నెలల తరువాత మెల్‌బోర్న్. భారత జట్టు ఓపెనర్లిద్దరూ విఫలమైతే ఇద్దరినీ తప్పించారు. మయాంక్ అగర్వాల్‌కు అది మొదటి టెస్టు. అతడికి తోడుగా మధ్యవరుస ఆటగాడైన విహారిని కొత్తబంతికి ఎదురుగా పంపారు. అది తన పని కాదని అతడు అనలేదు. 66 బంతులు ఆడాడు. చేసినవి 8. తొలి వికెట్టు పడేసరికి పంతొమ్మిదవ ఓవరు జరుగుతున్నది, బంతి మెరుగు తగ్గింది. వెనుక వచ్చిన పుజారా శతకం చేశాడు, భారతదేశం 443 చేసి టెస్టు గెలిచింది, ఆ సిరీసుతో ఆస్ట్రేలియా గడ్డ మీద మొదటిసారి గెలుపు జెండా పాతింది. పట్టికలో విహారి పేరుకు ఎదురుగా 8 మిగిలింది.

మా ఆత్రేయపురంలో పూతరేకులు తీసేవారిని ఎరిగినవారికి ఈ సంగతి తేలికగా బోధపడుతుంది. బోర్లించిన కుండ కింద మంట, పలుచని బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డ, కుండ మీద ఒక్క లాగుడు. క్షణంలో రేకు లేస్తుంది. ఆ ఒక్క రేకును చేతిలో పెడితే ఏముంది? వెనుక ఉన్న అరచేయి గీతలు కనిపిస్తాయి, అంతే. దానికి రుచి లేదు, బరువు లేదు, ధర లేదు. 2023లో మా పూతరేకుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది గాని, అది పొట్లానికి వచ్చిన గుర్తింపు, విడిరేకుకు కాదు. పరుగు రాని బంతి అలాంటిది. అరవై ఆరు బంతులలో ఏ ఒక్కదానినీ ఎవరూ చప్పట్లు కొట్టి మెచ్చుకోరు.

2019 ఆగస్టు, సెప్టెంబరు నెలలలో వెస్టిండీసులో అతడికి పరుగుల పంట కూడా పండింది. ఆంటిగ్వాలో 32, 93. కింగ్‌స్టన్‌లో 111, నాటౌటుగా 53. ఆ సిరీసులో అందరికంటె ఎక్కువ పరుగులు అతడివే. 111లో చాలా భాగం ఇషాంత్ శర్మను వెంటబెట్టుకొని చేసినవి. ఆ ఇషాంత్ కూడా తన జీవితంలో మొదటి అర్ధశతకం చేశాడంటే ఎదుట ఉన్నవాడి నిబ్బరం ఎంతగా అంటుకున్నదో ఊహించుకోవచ్చు. ఆ శతకాన్ని విహారి లేని తండ్రికి అంకితం చేశాడు.

ఇక సిడ్నీ. 2020 డిసెంబరులో అడిలైడులో భారత జట్టు 36 పరుగులకు కుప్పకూలింది. మెల్‌బోర్న్‌లో గెలిచి సమానం చేసుకున్నది. సిడ్నీలో గెలవడానికి 407 చేయాలి, లేదా చివరి రోజంతా నిలవాలి. ఆ రోజు సోమవారం. ధనుర్మాసం, భోగికి రెండు రోజుల ముందు. మా ఊరి గుడి మైకులో తిరుప్పావై వినిపిస్తుండగా నేను టీవీ ముందు కూర్చున్నాను. ఆస్ట్రేలియాలో ఆట మనకు కోడి కూసే వేళకే మొదలవుతుంది. పంత్ 97 చేసి ఆశలు రేపి వెళ్ళాడు. పుజారా 205 బంతులు ఆడి 77 దగ్గర వెళ్ళాడు. స్కోరు 5 వికెట్లకు 272. ఆ సరికే ఒక పరుగు తీయబోయి విహారి తొడ వెనుక కండరం చిట్లింది. నడక కుంటుతున్నది. ఎదుట వచ్చిన అశ్విన్‌కు నడుము పట్టేసి ఆ ఉదయం బూటులేసు కట్టుకోవడానికే వంగలేకపోయాడని తరువాత అతడి ఇంటివారు చెప్పారు. లోపల జడేజా బొటనవేలు విరిగి, అయినా ప్యాడ్లు కట్టుకొని కూర్చున్నాడు. ఇంకా 42 ఓవర్లకు పైగా మిగిలి ఉన్నాయి.

అష్టావధానం చూసినవారికి నిషిద్ధాక్షరి తెలిసే ఉంటుంది. అవధాని ఒక అక్షరం చెప్పగానే తరువాత రావలసిన అక్షరాన్ని పృచ్ఛకుడు నిషేధిస్తాడు. ఉన్న దారులన్నీ మూసుకుంటూ పోతాడు. అవధాని కోపగించడు, తొందరపడడు, ఎవరూ ఊహించని అక్షరంతో అర్థం చెడకుండా పాదం నింపుతాడు. ఆ రోజు విహారికి పరుగెత్తడం నిషిద్ధం. ముందుకు కాలు సాచడం నిషిద్ధం. బలంగా కొట్టబోతే నడుము నుంచి కింద సహకారం లేదు గనుక అదీ నిషిద్ధం. స్టార్క్, కమిన్స్, హేజిల్‌వుడ్ వేగంగా, లయన్ మెలికలు తిప్పుతూ, ఒకరి తరువాత ఒకరు అక్షరాలు మూసేస్తున్నారు. మిగిలినదల్లా బ్యాటును నిటారుగా దించి బంతిని కాళ్ళ దగ్గర చంపివేయడం. దానితోనే పాదమంతా నింపాడు.

అవధానంలో మరొకరుంటారు, అప్రస్తుత ప్రసంగి. పద్యం నడుస్తుండగా మీ ఇంట్లో వంకాయ కూరా, దొండకాయ కూరా అని అడిగి ధారణ చెదరగొట్టడం ఆయన పని. ఆ వేషం ఆస్ట్రేలియా నాయకుడు టిమ్ పెయిన్ వికెట్ల వెనుక నుంచి కట్టాడు. తరువాతి టెస్టు జరిగే బ్రిస్బేన్ గబ్బా మైదానానికి మిమ్మల్ని ఎప్పుడు రప్పిస్తామా అని ఉన్నదని అశ్విన్‌తో అన్నాడు. మీరు మా దేశం వస్తే అదే మీ ఆఖరి సిరీసని అశ్విన్ బదులిచ్చాడు. మంచి అప్రస్తుత ప్రసంగి అవధాని ధారణ చెడగొట్టబోయి తన ధ్యాస పోగొట్టుకోడు. పెయిన్ పోగొట్టుకున్నాడు. ఆట ముగియవస్తుండగా స్టార్క్ బంతికి విహారి ఇచ్చిన క్యాచును జారవిడిచాడు. మరునాడు తన ప్రవర్తనకు క్షమాపణ చెప్పుకున్నాడు, అది అతడి పెద్దరికం.

ఈ ఘట్టంలో నాకు అన్నిటికంటె నచ్చినది శార్దూల్ ఠాకూర్ రాయబారం. కోచి లోపలి నుంచి ఎవరు ఎవరిని ఎదుర్కోవాలో సందేశమిచ్చి అతడిని మైదానంలోకి పంపాడు. ఠాకూర్ వచ్చి, లోపల చాలా అంటున్నారు, నేనేమీ చెప్పను, మీరు ఆడుతున్నట్టే ఆడండి అని వెళ్ళిపోయాడట. ఈ ముచ్చట అశ్వినే తరువాత నవ్వుతూ చెప్పాడు. అందిన సందేశాన్ని అందించడం సామాన్య దూత లక్షణం. అందించకూడదని గ్రహించడం ఉత్తమ దూత లక్షణం. హనుమ పేరు గలవాడి దగ్గరకు అటువంటి దూత రావడం సొగసుగా ఉన్నది.

పుజారా వెళ్ళాక అశ్విన్, విహారి కలిసి 62 పరుగులు చేశారు. 131 ఓవర్లు ముగిసేసరికి 5 వికెట్లకు 334. అశ్విన్ 128 బంతులకు 39. విహారి 161కి 23. టెస్టు డ్రా.

ఆ మధ్యాహ్నం నా పూర్వ విద్యార్థి ఒకడు అరుగు దగ్గర కనిపించి, "అదేం ఆటండీ మాస్టారూ! గంటలు గంటలు నిలబడి పట్టుమని పది కొట్టడే! పంత్ ఉంటే గెలిపించేసేవోడు కదండీ" అన్నాడు. "ఒరే, పంత్ లేడు కదరా. ఉన్నవాడు కుంటుతున్నాడు" అన్నాను. "అయినా గాని మాస్టారూ..." అని నసిగాడు. వాడిని తప్పుపట్టను. అప్పటి కేంద్ర సహాయమంత్రి బాబుల్ సుప్రియోగారు కూడా ఆ మాటే ట్విట్టరులో వ్రాశారు. 109 బంతులకు 7 పరుగులా అని మండిపడి, హనుమ బిహారి గెలిచే అవకాశాన్ని చంపడమే గాక క్రికెట్టునే హత్య చేశాడన్నారు. చివర తనకు క్రికెట్టు గురించి ఏమీ తెలియదని కూడా తామే ఒప్పుకున్నారు. రెండు రోజుల తరువాత విహారి దానికి ఇచ్చిన సమాధానంలో ఒక నక్షత్రపు గుర్తు, దాని పక్కన హనుమ విహారి అని తన పేరు సరిచేసి వ్రాసినది, అంతే ఉన్నాయి. అచ్చుతప్పు దిద్దినట్టు దిద్ది ఊరుకున్నాడు. నలభై ఏళ్ళు కాపీలు దిద్దినవాడిని, ఇంత పొదుపైన దిద్దుబాటు నేను చూడలేదు. నిజానికి వకార బకారాలకు భేదం లేదని వ్యాకరణవేత్తలు ఏనాడో అన్నారు. వంగదేశీయుల నోట మన విహారి బిహారి కావడం సహజమే. పేరు విషయంలో మంత్రిగారికి శాస్త్రం అండగా ఉన్నది. ఆట విషయంలో లేదు.

ఎందుకు లేదో లెక్క చూద్దాం. గెలుపుకు ఇంకా 135 కావాలి. క్రీజులో ఇద్దరూ క్షతగాత్రులు. వెనుక వేలు విరిగిన జడేజా, ఆపైన బౌలర్లు ముగ్గురు. ఒక్క వికెట్టు పడితే తలుపు తెరుచుకుంటుంది. ఓడితే ఒకటి రెండుగా వెనుకబడిపోయి, ఆఖరి టెస్టు గెలిచినా సిరీసు సమానమే గాని గెలుపు లేదు. డ్రా కనుకనే ఎనిమిది రోజుల తరువాత, జనవరి 19న, గబ్బాలో 328 ఛేదించి సిరీసు నెగ్గగలిగారు. ఆ గెలుపులో పంత్ 89 పరుగుల ఇన్నింగ్సుకు పునాది సిడ్నీలో పడింది. గబ్బాలో విహారి లేడు. కండరం అతడిని ఇంటికి పంపింది. ఆ సంబరాల ఫోటోలో అతడి కోసం వెదకడం వృథా.

ఆ ఏడాది ఏప్రిల్, మే నెలలలో అతడు ఇంగ్లండులో వార్విక్‌షైర్ కౌంటీకి ఆడుతున్నాడు. పరుగులు రాలేదు. కాని ఇక్కడ రెండవ కరోనా కెరటం ఊళ్ళను ముంచుతుండగా, అక్కడి నుంచే ట్విట్టరు ద్వారా స్వచ్ఛంద సేవకులను కూడగట్టి ఆసుపత్రి మంచాలూ, ప్రాణవాయువూ దొరకనివారికి దారి చూపించాడు.

అతడి పట్ల సెలెక్టర్లు అన్యాయం చేశారని మనవారు వాపోతుంటారు. నేను సగమే ఒప్పుకుంటాను. మొత్తం 16 టెస్టులు, 839 పరుగులు, సగటు 33.56, ఒక శతకం, ఐదు అర్ధశతకాలు. మన దేశపు మధ్యవరుసకు ఈ సగటు చాలదు. అయితే ఆ పదహారింటిలో పదమూడు విదేశాలలో ఆడినవి. స్వదేశంలో ఐదుగురు బౌలర్లు కావాలి గనుక ఒక బ్యాట్స్‌మన్ తగ్గాలి, తగ్గేవాడు విహారి. విశాఖపట్నం, మొహాలీ, బెంగుళూరు, ఈ మూడే ఇంటి గడ్డ మీద అతడికి దక్కాయి. కష్టమైన నేల వచ్చినపుడు పిలవడం, మెత్తని నేల వచ్చినపుడు పక్కన కూర్చోబెట్టడం జరిగింది. పండగకు పిలవక పెళ్ళి పనులకు మాత్రం పిలిచే చుట్టంలా అతడిని చూశారు. ఇక మిగతా సగం కూడా చెప్పాలి. పుజారా స్థానం ఖాళీ అయినపుడు 2022 మార్చిలో మొహాలీలో మూడవ వరుసలో వచ్చి 58 చేశాడు, బెంగుళూరులో 31, 35 చేశాడు, కాని వాటిని పెద్దవి చేయలేకపోయాడు. జులైలో బర్మింగ్‌హామ్‌లో 20, 11. పైగా బెయిర్‌స్టో 14 మీద ఉండగా ఇచ్చిన క్యాచు వదిలాడు. బెయిర్‌స్టో 114 చేసి ఇంగ్లండును గెలిపించాడు. అదే విహారి ఆడిన ఆఖరి టెస్టు అయింది.

జట్టులో చోటు పోయినవాడు ఆరు నెలల తరువాత ఏం చేశాడో చూడండి. 2023 జనవరి చివర ఇండోరులో మధ్యప్రదేశ్ మీద రంజీ క్వార్టర్ ఫైనలు. సి.కె. నాయుడు తమ చివరి రోజులు గడిపిన ఊరది. ఆంధ్రకు విహారి నాయకుడు. ఆవేశ్ ఖాన్ ఎగరేసిన బంతి ఎడమ మణికట్టును విరగ్గొట్టింది. 16 పరుగుల మీద లోపలికి వెళ్ళాడు. మరునాడు తొమ్మిది వికెట్లు పడ్డాక, చివరివాడుగా మళ్ళీ వచ్చాడు. ఈసారి ఎడమచేతి ఆటగాడిలా నిలబడ్డాడు. కుడివాటం ఆటలో ఎడమ మణికట్టు ముందుంటుంది, బంతి తగిలేది దానికే. వాటం మార్చితే విరిగిన చేయి వెనక్కు పోతుంది, మంచి చేయి ముందుకు వస్తుంది. తర్కం సరళమైనదే. కాని పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి కుడివైపు నిలిచినవాడు, వేగపు బంతికి ఎదురుగా, అద్దంలో బొమ్మలా తిరగబడి, దాదాపు ఒంటిచేత్తో ఆడాలి. 57 బంతులకు 27 దాకా వెళ్ళాడు, అందులో ఆవేశ్ బంతిని బౌండరీకి పంపడం కూడా ఉన్నది. రెండవ ఇన్నింగ్సులో ఆంధ్ర 93కు కూలుతుంటే మళ్ళీ అలాగే వచ్చి 16 బంతులలో 15 చేశాడు. మ్యాచి పోయింది.

ఆ జులైలో దులీప్ ట్రోఫీలో దక్షిణ మండలానికి నాయకత్వం వహించి కప్పు గెలిచాడు. ఫైనలులో 63, 42 అతడివి.

తరువాతి కథ చెప్పడం నాకు ఇష్టం లేదు, కాని చరిత్ర అనుకున్నాక దాటవేయరాదు. 2024 ఫిబ్రవరి 26న మళ్ళీ ఇండోరు, మళ్ళీ మధ్యప్రదేశ్, మళ్ళీ క్వార్టర్ ఫైనలు. ఆంధ్ర నాలుగే పరుగుల తేడాతో ఓడింది. విహారి 55 చేశాడు. ఆ రోజే అతడు ఒక ప్రకటన చేశాడు. సీజను మొదట్లో బెంగాలు మ్యాచిలో ఒక ఆటగాడిని గద్దించానని, అతడి తండ్రి రాజకీయ నాయకుడు కావడంతో సంఘంవారు తన చేత నాయకత్వం వదిలింపజేశారని, ఇక ఆంధ్రకు ఆడనని. జట్టు సభ్యులు సంతకాలు చేసి అతడికి మద్దతు పలికారు. సంఘంవారు అతడి భాష మీద ఫిర్యాదులున్నాయని విచారణకు పూనుకున్నారు. ఆ తగవులో తీర్పరిగా కూర్చోవడం నా పని కాదు. ఒకటి మాత్రం గమనించాను. మొదటి మ్యాచి తరువాత మనసు విరిగినవాడు, సీజను ముగిసేదాకా నోరు మెదపక, నాయకత్వం లేకుండానే ఆడి, ఓటమి రోజున మాట్లాడాడు. అది దాదాపు ఏడు వారాల నిరీక్షణ. ఆ ఏడాది జూనులో రాష్ట్రంలో ప్రభుత్వం మారాక నారా లోకేశ్‌గారిని కలిసి, తిరిగి ఆంధ్రకే ఆడతానన్నాడు, ఆడాడు. 2025లో మళ్ళీ విడిపోయి త్రిపురకు వెళ్ళాడు.

2024 డిసెంబరులో విశాఖపట్నం కుర్రవాడు నితీశ్ కుమార్ రెడ్డి మెల్‌బోర్న్‌లో శతకం చేసినపుడు మా వీధిలో టపాసులు పేలాయి. నేనూ మనసారా ఆనందించాను. ఆరేళ్ళ కిందట అదే మైదానంలో, అదే నెలలో, కోస్తా నుంచే వెళ్ళిన మరొకడు ఆడిన 66 బంతుల మాట ఆ రోజు నాకు ఒక్కడికే గుర్తు వచ్చిందేమో. 2025-26 రంజీ సీజనంతా నేను పేపరు తెరవగానే త్రిపుర స్కోరు వెదుక్కున్నాను. అది ఆటల పేజీలో అట్టడుగున, సన్నని అక్షరాలలో ఉండేది. పరుగులు వేసేవారు, బంతులు వేసేవారు కాదు.